ఉండి ఉండి ఆగిపోవు ఇంజను

ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము పాతకార్ల ఇంజనులకు వచ్చెడి ఒక చిత్రమైన జాడ్యము. చక్కగా నడచుచున్న బండి, ఏ పూర్వసూచనయు లేకుండ, నడిదారిలో ఆగిపోవుట. ఆగిన కొంతసేపటికి, ఎవరును చేయి పెట్టకపోయినను, తనంతట తానే పట్టుకొని, ఏమియు జరుగనట్లు ఇల్లు చేరుట. మేస్త్రీ ఎదుట నిలిపినప్పుడు ఎంతసేపు తిప్పినను ఏ లోపమును చూపక, అతడు 'మీ బండికేమీ లేదు పొండి' అని పంపివేసిన మరునాడే మరల నడిరోడ్డున మొరాయించుట — పాత అంబాసిడరుగాని ఫియట్టుగాని ఉన్నవారిలో ఈ అనుభవము లేనివారు అరుదు. పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట ఒకవిధముగా సులభమే; ఏలయన చెడిన భాగము చెడియే యుండి, వెదకువాని చేతికి నేడు కాకున్న రేపైనను చిక్కును. అప్పుడప్పుడు మాత్రమే చెడు యంత్రము అట్లు కాదు. అది చలిజ్వరము వంటిది. వైద్యుడు వచ్చి నాడి పట్టుకొనునప్పటికి ఒడలు చల్లబడి యుండును. కావున దానిని కనుగొనుటకు పనిముట్లకంటె ముందుగా ఒక పద్ధతి కావలెను. ఆ పద్ధతిని గూర్చియే నా ప్రసంగము.

మాది కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె. యురేనియము గని వచ్చినపిమ్మట, 2012 నుండి, ఆ పేరు పత్రికలలో తరచుగా కనబడుచున్నదిగాని, అంతకుముందు చీనీతోటలును, వేరుసెనగ చేలును, వానకై ఎదురుచూచు రైతులును తప్ప అచ్చట చెప్పుకొనదగిన విశేషము లేదు. ఆసుపత్రికైనను, కచ్చేరికైనను, పెండ్లి బట్టలకైనను వేంపల్లె మీదుగా కడపకుగాని, ఇటు పులివెందులకుగాని పోవలసినదే. ఆ దారులలో ఒక తరమువారు ప్రయాణము చేసినది అంబాసిడరు కార్లలోనే. ముందు నలుగురు, వెనుక ఆరుగురు, డిక్కీలో మూటలు — ఇంత బరువుతో, మే నెల ఎండలో, నలుబదిమూడు నలుబదినాలుగు డిగ్రీల వేడిమిలో, నాపరాళ్ల దుమ్ము నిండిన బాటపై పోవు బండికి, ఇంగ్లండులోని చల్లని తేమ వాతావరణమునకై గీసిన ఇంజను అమర్చబడి యున్నదను సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను. మా సీమలో బండ్లు ఆగుటకు గల కారణములలో సగము ఈ వైరుధ్యమునుండి పుట్టినవే.

అంబాసిడరు పుట్టుపూర్వోత్తరములు క్లుప్తముగా చెప్పెదను. 1942లో బిర్లాలు స్థాపించిన హిందూస్థాన్ మోటార్సు సంస్థ, తొలుత గుజరాతులోని ఓఖా రేవునందును, పిమ్మట 1948 నుండి కలకత్తా చేరువనున్న ఉత్తరపారాయందును కార్లను తయారుచేయుచు, ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను గైకొని, 1950ల చివర ఈ బండిని వెలువరించినది. కొలది కాలములోనే దానికి 1489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు పెట్రోలు ఇంజను అమరినది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోవువరకు, లోపలి అమరికలు అనేకము మారినను, బండి రూపము పెద్దగా మారలేదు. దీనికి సమకాలికముగా బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థవారు చేసిన ఫియట్ 1100, 1974 నుండి ప్రీమియర్ పద్మిని యను పేర వ్యవహరింపబడినది. ఈ రెండింటి పెట్రోలు ఇంజనులకును ఒక గుణము సమానము: లోపల జరుగునదంతయు కంటితో చూడవచ్చును, చేతితో తాకవచ్చును, చెవితో వినవచ్చును. నేటి కార్లలో లోపమును కంప్యూటరు అంకెలలో చెప్పును. పాతకారులో మనమే అడిగి తెలిసికొనవలెను. అడుగుట తెలిసినవానికి అది సమాధానము చెప్పకపోదు.

పెట్రోలు ఇంజను నడచుటకు తగిన పాళ్లలో పెట్రోలు, గాలి, తగిన క్షణమున నిప్పురవ్వ కావలెను. గాలికి మా సీమలో కొదువ లేదు. వడపోత జల్లెడ దుమ్ముతో పూడినచో గాలి తగ్గవచ్చునుగాని, అట్టి ఇంజను ఎల్లవేళల బరువుగా నడచునే తప్ప ఉండి ఉండి ఆగదు. కావున మన అనుమానము రెండింటిమీదనే నిలువవలెను: పెట్రోలు, కరెంటు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు, నాలుగు సిలిండర్లకు కలిపి నిమిషమునకు 6000 నిప్పురవ్వలు, అనగా సెకనుకు 100 పడవలసి యుండును. ఇన్ని రవ్వలను క్రమము తప్పక అందించు ఏర్పాటులో ఒక్క తీగ వదులైనను, ఒక్క మొన మాసినను, బండి యాగుట ఆశ్చర్యము కాదు. ఇన్ని సంవత్సరములు ఆగకుండ నడచుటయే ఆశ్చర్యము.

రోగనిర్ణయమునకు మొదటి మెట్టు బానెట్టు ఎత్తుట కాదు. బండి ఏ విధముగా ఆగినదో జ్ఞాపకము చేసికొనుట. పెట్రోలు అందక ఆగు ఇంజను ఒక్కసారిగా ఆగదు. కార్బురేటరు గిన్నెలో నిలువయున్న పెట్రోలు తరుగుకొలది బలము సన్నగిల్లి, ఎక్కుడు తావున మందగించి, రెండు మూడు తుమ్ములు తుమ్మి, డ్రైవరు పెడలు నొక్కినకొలది మరింత నీరసించి ఆగును. ఆ తరుణమున చోకు లాగినచో కొంచెముసేపు ప్రాణము వచ్చినట్లు ముందుకు సాగును. ఏలయన చోకు గాలిని తగ్గించి, ఉన్న కొలది పెట్రోలునే చిక్కగా లోనికి పంపును. చోకునకు స్పందించిన ఇంజను పెట్రోలుకై అలమటించుచున్నదని తెలిసికొనవలెను. కరెంటు తెగి ఆగు ఇంజను తీరు వేరు. అది తాళము తిప్పి ఆర్పినట్లు, పూర్ణబలముతో పోవుచుండగనే, తటాలున నిలుచును. ఒక్కొక్కప్పుడు తెగిన కరెంటు క్షణములో తిరిగి కలియుటచే బండి కుదుపులిచ్చును. ఆ నడుమ మండకుండ వెలికిపోయిన పెట్రోలు ఆవిరి వేడి సైలెన్సరులో చేరి, మరల వచ్చిన మంటతో కలిసి, ఢాం అని తుపాకివలె పేలును. ఈ పేలుడు వినబడెనా లేదా యను ఒక్క ప్రశ్నకు సమాధానము, అనుమానించవలసిన భాగములలో సగమును తీసివేయును.

ఇక పెట్రోలు త్రోవను చూతము. ట్యాంకునుండి కార్బురేటరు వరకు గల ఈ త్రోవలో, ఉండి ఉండి ఆగుటకు కారణమగు తావులు కొన్ని ప్రసిద్ధములు. మొదటిది ట్యాంకు మూత. లోపలి పెట్రోలు తగ్గినకొలది దాని స్థానమున గాలి చేరవలెను; గాలి చొరబడు సన్నని రంధ్రము దుమ్ముతో పూడిపోయినచో, ట్యాంకులో శూన్యత ఏర్పడి, పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. ఇట్టి బండి కొన్ని మైళ్లు హాయిగా నడచి ఆగును. ఆగిన పిమ్మట గాలి మెల్లగా లోనికి దూరి శూన్యత తీరిపోవును. బండి మరల నడచును. ఆగిన వెంటనే మూత తిప్పినప్పుడు బుస్సుమని గాలి లోనికి పోవు చప్పుడు వినబడెనేని, దొంగ దొరికినట్లే. రెండవది ట్యాంకు అడుగున పేరుకొను తుప్పును మడ్డియును. ఇవి పెట్రోలుతో కదలి వచ్చి పీల్చుగొట్టము నోటికి అడ్డుపడును. ఇంజను ఆగి పీల్పు నిలిచినంతనే వెనుకకు జారి అడుగుకు చేరును. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడే బండి ఆగుచున్నదా యని గమనింపవలెను. మూడవది పంపు. మిక్కిలి పాత బండ్లలో విద్యుత్తుతో నడచు ఎస్.యు. పంపు ఉండెడిది; తాళము తిప్పగానే టిక్కు టిక్కుమని కొట్టుకొని, కార్బురేటరు నిండినంతనే ఊరకుండుట దాని మంచి లక్షణము. ఆగిన బండిలో అది నిశ్శబ్దముగా నుండి, చిన్న కర్రతో తట్టినంతనే మరల కొట్టుకొనసాగినచో, దాని లోపలి పాయింట్లు కాలినవని యర్థము. తరువాతి బండ్లలో ఇంజను కామ్ షాఫ్టు నడుపు పంపులు వచ్చినవి. వీనిలో చినిగిన డయాఫ్రమును, సరిగా మూయని వాల్వులును సామాన్యముగా కనబడు లోపములు.

వేడిమికి సంబంధించిన కథ దీనికి అనుబంధము. పెట్రోలు అనునది ఒక్క పదార్థము కాదు. అనేక ద్రవముల మిశ్రమము. అందు తేలికైనవి 35, 40 డిగ్రీల వేడిమికే ఆవిరి యగుటకు సిద్ధముగా నుండును. అంబాసిడరు ఇంజనులో కార్బురేటరును, పొగగొట్టపు మానిఫోల్డును ఒకే ప్రక్కన ఉన్నవి. మా సీమలోని గువ్వలచెరువు కనుమ ఎక్కి, పైన పాలకోవా అంగళ్ల వద్ద బండి ఆపి, కాసేపటికి మరల స్టార్టు చేయబోయినవారికి ఈ అమరిక ఫలితము అనుభవమే: బండి పోవునప్పుడు తగిలిన గాలియు నిలిచిపోయి, ఇంజను వేడి అంతయు పైకి లేచి, గొట్టములోని పెట్రోలు ఆవిరియై, పంపు ఆవిరిని తోయలేక చతికిలబడును. దీనినే మన డ్రైవర్లు ఎయిర్ లాకు అందురు. పంపుమీద తడిగుడ్డ వేయుట తరతరములుగా వచ్చుచున్న వైద్యము; అది పనిచేయును కూడ. ఇప్పుడు దీనికి మరొక చిక్కు తోడైనది. 2023 నుండి మన బంకులలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొనును; పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. పైకి చక్కగా కనబడు రబ్బరు గొట్టము లోపలి పొర విడివడి, పీల్పు హెచ్చినప్పుడు త్రోవను మూసి, పీల్పు ఆగినప్పుడు తెరచుచుండుట సంభవమే. కావున పాతకారు గలవారు ఈ పెట్రోలుకు తట్టుకొను రబ్బరు గొట్టములను అమర్చుకొనుట మేలు.

ఇక కరెంటు త్రోవ. ఇచ్చట విషయము ఎక్కువ గంభీరమైనది. ఉండి ఉండి ఆగు బండ్లలో తటాలున ఆగునవన్నియు ఇచ్చటనే తేలవలెను. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుత్ప్రేరణ సూత్రమును, అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతమున కాడిలాక్ కార్లకు అన్వయించి కూర్చిన ఏర్పాటే, కొలది మార్పులతో, మన అంబాసిడరులోనిది. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటు తాళము గుండ కాయిలులోనికి పోయి, అచ్చటనుండి, డెల్కో యని మన మేస్త్రీలు పిలుచు డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల గుండ ఇంజను ఒడలికి చేరి, వలయము పూర్తియగును. పాయింట్లు మూసియున్నంతసేపు కాయిలులో అయస్కాంతశక్తి నిలువగును; కామ్ ముక్కు వచ్చి పాయింట్లను అంగుళములో వేయింట పదునైదు పాళ్లు ఎడము చేసిన క్షణమున ఆ శక్తి కుప్పకూలి, కాయిలు రెండవ చుట్టలో వేలకొలది వోల్టులై, రోటరు చూపిన త్రోవను ప్లగ్గుకు చేరి రవ్వగా దుముకును. పాయింట్ల ప్రక్కనుండు చిన్న కండెన్సరు, అవి తెరచుకొనునప్పుడు అచ్చటనే మెరుపు పుట్టకుండ కాపాడి, ఆ కూలుటను వేగవంతము చేయును. ఈ వర్ణన విన్న శ్రోతలకు లోపములు తామే తోచును. కాయిలు తీగచుట్ట లోపల ఎచ్చటనో తెగియున్నచో, వేడికి వ్యాకోచించి తెగినకొనలు విడిపోవును, చల్లబడినప్పుడు కలియును. కండెన్సరు వేడికి బలహీనపడినచో రవ్వ నీలముగా గాక పసుపుగా, సన్నగా పడును. పాయింట్ల ముఖములు మాడి గుంటలుపడును. తాళము లోపలి రేకు అరిగినచో, గుంటలో చక్రము పడిన కుదుపుకు కరెంటు తెగి కలియును. బ్యాటరీనుండి ఒడలికి పోవు ఎర్తు తీగ బోల్టు వదులైనను ఇంతే.

ఇన్ని అనుమానములను విడదీయుటకు లక్షలు పోసి కొనవలసిన సాధనము అక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బునకు రెండు తీగలు తగిలించినచో చాలును. తాళము తిప్పి, ఒక తీగను ఒడలికి, రెండవ తీగను కాయిలునకు కరెంటు వచ్చు మొనకు ఆనించినప్పుడు బల్బు వెలుగవలెను. వెలుగనిచో లోపము తాళమునందో, దానివరకు గల తీగలయందో యున్నది. వెలిగినచో, రెండవ తీగను కాయిలునుండి డెల్కోకు పోవు మొనకు మార్చి, ఇంజనును మెల్లగా తిప్పవలెను. పాయింట్లు మూసికొన్నప్పుడు బల్బు ఆరును, తెరచుకొన్నప్పుడు వెలుగును. ఈ ఆరుట వెలుగుట క్రమముగా నున్నచో అంతవరకు అంతయు క్షేమము. ఆరకుండ వెలుగుచునే యుండినచో డెల్కోలోనికి పోవు త్రోవ ఎచ్చటనో తెగినది. ఎన్నడును వెలుగనిచో కాయిలు లోపల తెగియైనను ఉండవలెను, డెల్కోలో ఏదో తీగ ఒడలికి తగులుచునైనను ఉండవలెను. బండి పోవునప్పుడే లోపము వచ్చుచున్నచో, ఈ బల్బునే పొడుగాటి తీగతో స్టీరింగు వద్దకు తెచ్చి, కాయిలు కరెంటు మొనకు తగిలించి ప్రయాణము చేయవలెను. ఇంజను ఆగిన క్షణమున బల్బుకూడ ఆరినదా, వెలుగుచునే యున్నదా యని చూచినంతమాత్రమున, వెదకవలసినది కాయిలునకు ముందో వెనుకనో తేలిపోవును. ఒక హెచ్చరిక: ప్లగ్గు విప్పి రవ్వ చూచు పరీక్షను పెట్రోలు చిందినచోట ఎన్నడును చేయరాదు.

ఇట్టి విచారణ ఎట్లు సాగవలెనో వేంపల్లెలో ఒక వృద్ధుడైన మేస్త్రీ వద్ద నేను ప్రత్యక్షముగా చూచితిని. మా ఊరి యువకుడొకడు తన తండ్రినాటి అంబాసిడరును ఆయన షెడ్డుకు తెచ్చి, అది కడప దారిలో ఆగిపోవుచున్నదని మొరపెట్టుకొనెను. మేస్త్రీ బానెట్టు వైపు చూడనైన చూడక, బీడీ ముట్టించుకొని ప్రశ్నించుట మొదలుపెట్టెను.

“యాడ నిల్చిపోతాండాది నాయనా?”

“వేంపల్లె దాటి, రోడ్డు సాపుగా ఉండేకాడ మామా. ఊర్లో తిప్పితే ఏం కాదు.”

“కుంటి కుంటి నిలుస్తాదా, ఉన్నట్టుండి నిలుస్తాదా?”

“ఉన్నట్టుండే. ఒక్కోసారి రెండు కుదుపులిచ్చి, ఎనక ఢాంమని పేలి నిలుస్తాది.”

“మళ్ల ఎంతసేపటికి పట్టుకుంటాది?”

“చెట్టు నీడన అర్ధగంట పెడితే పట్టుకుంటాది. ఎండకు కాయిల్ వేడెక్కుతాందని కాయిల్ మార్పిచ్చినా. పంపు మార్పిచ్చినా. ప్లగ్గులు గూడా మార్పిచ్చినా.”

“అర్ధగంట ఆగకుండా, నిల్చిన ఎంటనే స్టార్ట్ చేసి చూసినావా?”

కుర్రవాడు తెల్లబోయెను. ఆ పని అతడెన్నడును చేసి యుండలేదు. బండి వేడెక్కి ఆగినదని మొదటినాడే నిశ్చయించుకొనినందున, ప్రతిసారియు నీడను వెదకి నిలిపెను. నీడలో నిలిపిన తరువాత బండి కదలినందున, వేడియే కారణమను నిశ్చయము నానాటికి బలపడెను. ఆ యర్ధగంట అవసరమా కాదా యన్నది పరీక్షింపబడనేలేదు.

మేస్త్రీ అప్పుడు లేచి, డెల్కో మూతయు రోటరును తీసి, కామ్‌కు రాసుకొను పాయింట్ల హీలు కామ్ ముక్కులకు దూరముగా, పాయింట్లు గట్టిగా మూసియుండునట్లు ఇంజనును చేతితో తిప్పి నిలిపెను. తాళము తిప్పించి, బల్బును కాయిలునుండి డెల్కోకు పోవు మొనకు తగిలించెను. పాయింట్లు మూసియున్నవి కావున బల్బు వెలుగలేదు, అది సరియే. పిమ్మట కార్బురేటరు వద్ద వ్యాక్యూము గొట్టమును ఊడదీసి, దాని కొనను నోట పెట్టుకొని గట్టిగా పీల్చెను. డెల్కోలోపలి పళ్లెము ఒక ప్రక్కకు జరిగెను. పాయింట్లు మూసియే యున్నవి. అయినను బల్బు భగ్గున వెలిగెను. గొట్టము వదలగనే పళ్లెము స్వస్థానమునకు వచ్చెను, బల్బు ఆరెను. ఆయన మరల పీల్చెను. అది మరల వెలిగెను. కుర్రవానిని పిలిచి అతనిచేతను పీల్పించెను.

విషయమిది. ఇంజను మోయు బరువును బట్టి రవ్వ పడు క్షణమును ముందునకు జరుపుటకు, పాయింట్లు బిగించిన పళ్లెమును కార్బురేటరునుండి వచ్చు పీల్పు అటునిటు కదల్చును. డెల్కో గోడనుండి ఆ పళ్లెముమీదికి కరెంటును తెచ్చు జానెడైనను లేని మెత్తని తీగ, సంవత్సరములకొలది ఈ కదలికకు వంగి వంగి, పై తొడుగు చెక్కుచెదరకుండగనే లోపలి రాగి పోగులు తెగియుండెను. షెడ్డులో ఊరక తిరుగు ఇంజనులో ఆ గొట్టమున పీల్పు ఉండదు, పళ్లెము కదలదు, తెగిన పోగులు ఒకదానినొకటి తాకుచునే యుండును. సాపైన రోడ్డుమీద, పెడలు సగము నొక్కి నిలకడగా పోవునప్పుడు పీల్పు హెచ్చి పళ్లెము జరిగి తీగ సాగును, పోగులు విడిపోవును, బండి ఆగును. ఆగినంతనే అవి కలిసికొనును. చెట్టునీడకు దక్కిన కీర్తి అంతయు అక్రమార్జితమే. మేస్త్రీ తన డబ్బాలోనుండి సన్నని పోగులు అనేకముగల మెత్తని తీగను తీసి అతికెను. ఇంటి వైరింగునకు వాడు మొద్దుతీగ వేసినచో నెలలోనే విరుగునని కుర్రవానికి చెప్పెను. అతికిన పిమ్మట మరల గొట్టము పీల్చి చూచెను. పళ్లెము జరిగెను, బల్బు వెలుగలేదు.

ఈ ఉదంతములో నన్ను ఆకర్షించినది మేస్త్రీ తీగను కనుగొనుట మాత్రమే కాదు. అంతకుముందు మార్చిన కాయిలు, పంపు, ప్లగ్గులు ఏ మార్గమున కొనుగోలు చేయబడినవో ఆలోచింపుడు. కాయిలు మార్చిన దినమున బండి ఆగలేదు. ఆగనందున కాయిలుదే లోపమని సంతోషించిరి. నాలుగు దినములకు మరల ఆగెను. అప్పుడు పంపు మార్చిరి. మరల కొన్నాళ్లు బాగుగా నడచెను. తనంతట తానే కుదుటపడు రోగమునకు ఏ మందు వేసినను గుణము కనబడును. కావున ఉండి ఉండి వచ్చు లోపము విషయమున, భాగము మార్చిన పిమ్మట బండి నడచుట సాక్ష్యమే కాదు. పైగా క్రొత్త భాగము క్రొత్తది గనుక మంచిదే యను నమ్మకమునకు నేటి కాలమున ఆధారము తక్కువ. పాత బండ్లకు సరియైన సామాను అరుదైపోయి, పేరు మాత్రము అచ్చువేసిన నాసిరకపు కండెన్సర్లును, పాయింట్లును అంగళ్లలో నిండియున్నవి. మార్చిన కండెన్సరే క్రొత్త లోపమునకు మూలమగుట నేను చూచితిని. అప్పుడు పాతలోపమొకటి, క్రొత్తలోపమొకటి కలిసి, మేస్త్రీని మాత్రమే గాక తర్కమును సైతము ముప్పుతిప్పలు పెట్టును. తీసిన పాతభాగమును, అది చెడినదని ఋజువగువరకు, పారవేయకుండ డిక్కీలో దాచుకొనుడు.

దారిలో ఆగిన బండి చుట్టు మూగు మిత్రుల వైద్యము కూడ ఇట్టిదే. ఒకరు పంపుమీద నీళ్లు పోయుదురు, ఒకరు కాయిలుమీద తడిగుడ్డ వేయుదురు, మరియొకరు ప్లగ్గు తీగలను ఊడదీసి మరల తొడుగుదురు, ఇంకొకరు బ్యాటరీ మొనలను రాతితో కొట్టుదురు. ఇంతలో బండి పట్టుకొనును, అందరును విజయోత్సాహముతో ఎక్కుదురు, ఏది దానిని బ్రతికించినదో ఎవరికిని తెలియదు. ఆ దినమున వారు బండిని కదల్చిరి గాని, రోగమును తెలిసికొను అవకాశమును పోగొట్టుకొనిరి. ఆగియున్న ఆ కొలది నిమిషములే విచారణకు అమూల్యమైన కాలము. అప్పుడు ఒక్కసారికి ఒక్కపని చేయవలెను. ముందు ఏమియు తాకక వెంటనే స్టార్టు చేసి చూడుడు. పట్టుకొననిచో బల్బుతో కరెంటును చూడుడు. అది సరిగా నున్నచో ట్యాంకు మూత తిప్పి చెవియొగ్గుడు. పిమ్మట కార్బురేటరు వద్ద గొట్టము ఊడదీసి, కొనను సీసాలో ఉంచి, ఇంజను తిప్పినప్పుడు పెట్రోలు తెరలు తెరలుగా పడుచున్నదా చూడుడు. తడిగుడ్డ వేయదలచినచో, ముందు పంపుమీద మాత్రమే వేసి ఫలితము చూడుడు. కాయిలు వంతు తరువాత.

బండిలో ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొనుట మంచిది. ఆగిన వేళ, ఎండయా చల్లదనమా, ఎక్కుడా సాపా దిగుడా, వేగమెంత, ట్యాంకులో పెట్రోలు ఎంత, తటాలున ఆగెనా తడబడి ఆగెనా, సైలెన్సరులో పేలెనా, ఏమి చేసితిమి, ఎంతసేపటికి పట్టుకొనెను — ఇంతమాత్రము వ్రాసికొనినచో చాలును. మన జ్ఞాపకము మన నమ్మకమునకు అనుకూలమైన దానినే మిగుల్చుకొనును. నోటుపుస్తకమునకు ఆ పక్షపాతము లేదు. రెండు మూడు పుటలు నిండునప్పటికి, 'ఎప్పుడు పడితే అప్పుడు ఆగును' అని మనము వాపోయిన బండి, నిజమునకు కొన్ని పరిస్థితులలో మాత్రమే, అదియు క్రమము తప్పక, ఆగుచున్నదని తేలును. ఆ పరిస్థితులు తెలిసినపిమ్మట వానిని షెడ్డులోనే కల్పించుట సాధ్యమగును: వేడికి ఆగునదైనచో కాయిలును వేడిచేసి చూడవచ్చును, కుదుపుకు ఆగునదైనచో ఇంజను నడచుచుండగా తాళపు చెవిని, తీగల కట్టలను ఒక్కొక్కటిగా కదలించి చూడవచ్చును, పీల్పుకు ఆగునదైనచో, వేంపల్లె మేస్త్రీవలె, గొట్టమును నోట పెట్టుకొనవచ్చును.

ఈ ప్రసంగములో నేను చెప్పదలచినది ఇంతే. ఉండి ఉండి వచ్చు లోపమును మాన్పితినని చెప్పుకొనుటకు అర్హుడు, ముందుగా దానిని కోరినప్పుడు రప్పింపగలిగినవాడు మాత్రమే. రప్పించి, ఒక్క మార్పు చేసి, మరల రప్పింప యత్నించి, అది రాకపోయినప్పుడు మాత్రమే వైద్యము ముగిసినది. తక్కినదంతయు అదృష్టము, అదృష్టమునకు మనము సామాను వెలయు, మేస్త్రీ కూలియు చెల్లించుచున్నాము. కావున ఇకమీదట మీ పాత అంబాసిడరును షెడ్డునుండి తీసికొనిపోవునప్పుడు, మేస్త్రీని 'ఏమి మార్చినావు?' అని అడుగకుడు. 'మార్చకముందు దానిని ఆపి చూపినావా?' అని అడుగుడు. 'చూపితిని' అని ఆయన చెప్పగలిగినచో, అడిగిన కూలి బేరము లేకుండ ఇచ్చి రండు.